శుక్రవారం కుంటిన బండి

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు తన పాత కారు మూత ఎత్తిపెట్టి, ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని, పొద్దున్నుంచీ ఇంటి ముందు దానితో కుస్తీ పడుతుంటే, కాలీకాలని పెట్రోలు వాసన గాలికి కొట్టుకొచ్చి నేను బియ్యం ఏరుకుంటున్న వంటింటి కిటికీలోంచి లోపలికి దూరింది. ఆ కారులో నిప్పురవ్వ పుట్టించే పాత పాయింట్లు తీసేయించి వాటి బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అని ఒక నల్ల డబ్బా ఈ మధ్యనే బిగించుకున్నాడు వాడు. అప్పటినుంచి బండి మధ్యమధ్యలో ఎక్కిళ్లు పెడుతోందట. "ఆ డబ్బాదే తప్పు అత్తా, పీకి అవతల పారెయ్యాలె" అని వాడు, ఔనౌనని స్నేహితులు. సాయంత్రానికి తేలిందేమిటంటే తప్పు ఎక్కడో తుప్పుపట్టిన ఎర్తు వైరుది, డబ్బా పాపం ఏ పాపమూ ఎరుగదు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి మీద ఇంట్లో పోయిన ప్రతి చెంచా నింద పడ్డట్టు, బండిలో కొత్తగా చేరిన వస్తువు మీదనే అందరి కళ్లూ పడతాయి. నేను నవ్వుతుంటే పిల్లలు బిత్తరపోయి చూశారు. వాళ్లకేం తెలుసు, ఆ వాసన నన్ను చెయ్యిపట్టి ఎక్కడికి ఈడ్చుకుపోయిందో!

కల్వకుర్తి దిక్కు మా ఊరు. ఎర్ర నేలలు, ఎటు చూసినా నల్లటి గుండ్లు, ఆ గుండ్ల సందుల్లో సీతాఫలం పొదలు, వాన కరుణిస్తే జొన్న, వేరుశనగ, కరుణించకపోతే ఆకాశం. అరవైల మొదట్లో నాకు ఎనిమిదో తొమ్మిదో ఏడు నడుస్తున్నప్పటి మాట ఇది. వానలు వెనకపట్టి సీతాఫలాలు కళ్లు విప్పే రోజులు వచ్చాయంటే ఊరంతా ఒకటే తీపి వాసన, ఇంటింటా గడ్డి పరిచి మాగేసిన కాయలు, పొద్దున లేచి ఏది మెత్తబడిందా అని ఒక్కొక్కటే వత్తి చూసుకోవడం, వత్తి వత్తి పచ్చికాయను కూడా పాడుచేసి మా అవ్వతో, అంటే నానమ్మతో, తిట్లు తినడం. వాటి వెనకాలే బతుకమ్మ వచ్చేది. పిల్లలంతా గుట్టల మీదికి పోయి తంగేడు పూలు ఒళ్లో నింపుకొచ్చేవాళ్లు. ఆఖరి రోజైన సద్దుల నాడు మా అవ్వ జొన్నరొట్టెలు పొడిచేసి, బెల్లం, నెయ్యి వేసి కట్టిన మలీద ముద్దల కోసం నేను ముందు రోజు నుంచే ఆకలి దాచుకునేదాన్ని. అందరూ చప్పట్లు కొడుతూ బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే నేను మాత్రం అరుగు మీద కూర్చుని పాట అందుకునేదాన్ని. తిరగడం నా వల్ల అయ్యేది కాదు.

నా ఎడమ పాదం పుట్టుకతోనే లోపలికి తిరిగి ఉండేది. అరికాలు నేల మీద ఆనేది కాదు, పాదం అంచు మీద నడిచేదాన్ని, కాస్త ఉరికితే బోర్లా పడేదాన్ని. తొక్కుడుబిళ్లలో నన్ను ఎవరూ తమ జట్టులో చేర్చుకునేవాళ్లు కారు. అయితే ఏం, కచ్చకాయల ఆటలో నన్ను గెలిచిన మొనగత్తె మా ఊళ్లో పుట్టలేదు, ఇప్పటికీ కూర్చోండి, చూపిస్తాను! మా వైపు ఆడవాళ్లు శుక్రవారం తలస్నానం చేసి గడపకు, కాళ్లకు పసుపు రాసుకోవడం రివాజు. అవ్వ తన కాళ్లకు, అమ్మ కాళ్లకు అయిన తర్వాత నన్ను పీట మీద కూర్చోబెట్టి, కుడి పాదానికి ఒక్కసారి రాసి, ఎడమ పాదానికి మాత్రం మడమ నుంచి వేళ్ల చివరిదాకా మళ్లీమళ్లీ రాసేది. రాస్తూ ఏదో గొణుక్కునేది. అది మొక్కో, దేవుడితో తగువో నాకు తెలిసేది కాదు.

మా బాపుకు ఒక కారు ఉండేదంటే ఇప్పటి పిల్లలు మమ్మల్ని పెద్ద ఆసాములనుకుంటారు. అదేం లేదు. ఒక దొరవారు మకాం హైదరాబాదుకు మార్చుకున్నప్పుడు షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఒక విలాయతి కారును వదిలేసిపోతే, అదివరకు దాన్ని నడిపిన మా బాపు దాని కోళ్లను తోలి, ఎలుక గూళ్లు ఊడ్చి, బాగుచేయించి కిరాయికి తిప్పుతుండేవాడు. పెండ్లి పిల్లలను, అంగడికి పోయే షావుకార్లను, దవాఖానకు పోయే రోగులను మోసేది ఆ బండి. దాని ఇంజన్ మూత పక్షి రెక్కల మాదిరి రెండు పక్కలకు తెరుచుకునేది, ముందర హేండిల్ దూర్చి తిప్పితే గానీ లేచేది కాదు. బాపు దానితో మాట్లాడేవాడు. గుట్ట ఎక్కేటప్పుడు "జర ఓపిక పట్టు తల్లీ" అనేవాడు. ఆ గొంతు మాతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ వినపడేది కాదని అమ్మ కినుక.

ఆ ఏడు దసరాకు ముందు బండిలో నిప్పు పుట్టించే పాత మాగ్నెటో చచ్చిపోయింది. పాలమూరులో బండ్లు బాగుచేసే ఒక ఉస్తాద్ ఉండేవాడు. అసలు పేరు ఏమో గానీ అందరికీ ఉస్తాదే. తెల్ల గడ్డం, గళ్ల లుంగీ, చెవి వెనకాల ఎప్పుడూ ఒక బీడీ. ఆయన ఎక్కడో మిలిటరీ వాళ్లు అమ్మేసిన లారీది ఒక కరెంటు డబ్బా, దానికొక కాయిల్ సంపాదించి, మా బండికి అతికించి నడిపించాడు. బండి ఇంటికొచ్చాక దసరా పూజ చేస్తూ అవ్వ అడిగింది, కొత్తగా ఏం పెట్టిచ్చినవు కొడుకా అని. బాపు గర్వంగా మూత తెరిచి చూపించాడు. "గిదేనమ్మా. ఇంజనుకు నాలుగు ప్లగ్గులుంటయి, అన్నింటికి నిప్పు పంచిపెట్టేది గీ డబ్బనే. బండి పాణమంత గిండ్లనే ఉన్నది" అన్నాడు. అవ్వ దాన్ని తాకి కళ్లకద్దుకుని బొట్టు పెట్టింది. స్టీరింగు, చక్రాలు, దీపాలు, తలుపులు, అన్నింటికీ పెట్టింది. బొట్టు లేని జాగా ఆ బండిలో లేకుండా చేసింది.

దసరా వెళ్లాక బాపు నన్ను పాలమూరు తీసుకుపోయాడు. ఎముకల డాక్టరు ఒకాయన హైదరాబాదు నుంచి శుక్రవారం పొద్దున రైలుకు వచ్చి, రోగులను చూసి, మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోతాడని బండి కిరాయికి ఎక్కిన ఎవరో చెప్పిన మాట అది. డాక్టరు నా పాదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ మెల్లగా తిప్పి, కొద్దిగా బయటికి వంచి, అది అట్లాగే నిలబడేటట్టు మోకాలు దాకా తెల్లటి పిండికట్టు వేశాడు. ప్రతి శుక్రవారం రావాలి, కట్టు విప్పి పాదాన్ని ఇంకొంచెం తిప్పి మళ్లీ కొత్తది వేయాలి, అట్లా కొన్ని నెలలు. మధ్యలో తప్పితే వంచిన పాదం మళ్లీ మొదటికి వస్తుంది. ఆ మాట మాత్రం రెండుసార్లు చెప్పాడు.

మా ఊరి మీదుగా పోయే బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు, వచ్చినా మధ్యాహ్నానికి ముందు పాలమూరు చేర్చేది కాదు. కారు ఉండగా మనకేం ఫికర్ అన్నాడు బాపు. సరిగ్గా అప్పుడే ఫికర్ మొదలైంది. మిగతా రోజులన్నీ పందెపు గుర్రంలా ఉరికే బండి శుక్రవారం పొద్దున ఊరు దాటగానే కుంటడం మొదలుపెట్టేది. టక్ టక్ టక్ అని పోయేది కాస్తా టక్ టక్ అని ఒకటి మింగేది, ఒక్కోసారి రెండు మింగేది. బంతిలో ఒకరికి వడ్డించడం మరిచిపోయినట్టు, ఆ డబ్బా ఏదో ఒక ప్లగ్గుకు నిప్పు అందించకుండా దాటిపోతోందన్నమాట. బాపు దాన్ని 'మిస్సింగ్' అనేవాడు. వెనక గొట్టంలోంచి పచ్చి పెట్రోలు వాసన, మధ్యమధ్య టపాకాయ పేలినట్టు ఒక చప్పుడు, ఎత్తు వస్తే నత్తనడక. నేను వెనక సీటు మీద తెల్లకట్టు కాలు బారజాపుకుని కూర్చుని, ఇంజన్ మింగిన ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడేదాన్ని. ఊరి చివర పశువులు కాసే పిల్లలు "కుంటి పిల్ల కుంటి బండి" అని కేకలు వేసేవాళ్లు. వాళ్ల నోళ్లు పడిపోనూ అని నేను లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

ఎట్లాగో దేకుకుంటూ పోయి, డాక్టరు వెళ్లేలోపల అందుకుని, కట్టు వేయించుకుని, తర్వాత ఉస్తాద్ దగ్గరికి పోయేవాళ్లం. అక్కడ విచిత్రం. ఉస్తాద్ హేండిల్ తిప్పగానే బండి సుతారంగా, ఏ లోటూ లేకుండా తిరిగేది. ఆయన చెవి ఒగ్గి విని, "అరే భాయ్, మంచిగనే నడుస్తాంది కద. ఏడ ఉంది మిస్సింగ్?" అనేవాడు. బాపు ముఖం మాడ్చుకునేవాడు. ఒక వారం ప్లగ్గులు మార్చారు. ఒక వారం డబ్బా మూత విప్పి పాయింట్లు అరగదీశారు. ఇంకో వారం కండెన్సర్ మార్చారు. మార్చినప్పుడల్లా బండి బాగుపడ్డట్టే ఉండేది, ఎందుకంటే మార్చిన తర్వాత వచ్చే రోజులు శుక్రవారాలు కావు. "గీ అతుకుల డబ్బ తెచ్చి నా నెత్తిన పెట్టినవు ఉస్తాద్" అని బాపు, "డబ్బ నా బిడ్డ లెక్క, దాన్ని అనకు" అని ఉస్తాద్. ఊళ్లో కొందరు బండికి దిష్టి తగిలిందన్నారు, కొందరు దొరవారి ఉసురన్నారు. దిష్టి మాట వినపడ్డప్పుడల్లా మా అవ్వ ముఖంలో ఒక పట్టుదల కనపడేది.

చలి ముదిరి, కందికాయలు ఉడకేసుకుని తినే రోజుల్లో ఒక శుక్రవారం బండి జడ్చర్ల చేరకముందే నిలబడిపోయింది. బాపు ప్లగ్గులు తుడిచి, మళ్లీ హేండిల్ తిప్పి, మళ్లీ తుడిచి, చివరికి నన్ను సంకనేసుకుని దారిన పోయే లారీని ఆపి పాలమూరు చేరేసరికి డాక్టరు రైలెక్కిపోయాడు. ఆ వారమంతా కట్టులోపల నా పాదం వదులుగా ఆడుతోందని, తనకు తానే పాత వైపుకు తిరుగుతోందని నాకే తెలిసిపోయింది. తర్వాతి శుక్రవారం నానా తిప్పలు పడి చేరాం. డాక్టరు కట్టు విప్పి పాదాన్ని అటూ ఇటూ వంచి చూశాడు. తర్వాత బాపు వైపు తిరిగి, నెల రోజుల కష్టం వెనక్కి పోయింది, ఇంకొక్క వారం తప్పితే ఈ కట్లతో లాభం లేదు, హైదరాబాదు తీసుకుపోయి కోసి సరిచెయ్యాల్సిందే, అప్పుడైనా ఎంతవరకు వస్తుందో చెప్పలేనన్నాడు. ఇంటికొచ్చి బాపు ఆ మాట చెబితే 'కోయడం' అన్నదొక్కటే అవ్వ చెవిలో పడింది. కాలు తీసేస్తారనుకుంది. అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయింది. నాకు భయం వేసింది, అప్పటిదాకా వేయనంత.

అందుకే ఆ వచ్చే శుక్రవారం నేనూ వస్తానని పట్టుబట్టింది అవ్వ. తమ్ముడు చంటివాడు కాబట్టి అమ్మ రాలేదు. డాక్టరు కాళ్లు పట్టుకునైనా సరే కోయొద్దని చెప్పి వస్తానంది. తెల్లవారకముందే తలస్నానం చేసి, తడి వెంట్రుకలు ముడేసుకుని, జొన్నరొట్టెల మూట, చెంబెడు నీళ్లు, కుంకుమ భరిణె, పసుపు గిన్నె ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. బాపు ఆ రోజు ఎప్పటికన్నా ముందుగానే బయలుదేరదీశాడు. ఊరు దాటామో లేదో, ఇంజన్ ఒకటి మింగింది. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బాపు వెన్ను చూస్తేనే తెలుస్తోంది ఆయన పళ్లు కొరుక్కుంటున్నాడని.

జడ్చర్లకు ఇవతల ఒక ఎత్తు ఉంటుంది, దాని మీద నిలబడిపోయింది. బాపు దిగి మూత తెరిచి, ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి, గరుకు కాగితంతో రుద్ది, ఊది బిగించాడు. ఆ పని అయ్యేసరికి ఎండ చురుక్కుమంటోంది. హేండిల్ తిప్పాడు. ఆశ్చర్యం, బండి లేచింది, ఒక్క లోటు లేకుండా టకటకటక మని తిరుగుతోంది. ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనని దాన్ని అట్లాగే తిరగనిచ్చి, మూత కూడా వెయ్యకుండా, రేడియేటరుకు నీళ్లు తేవడానికి బాపు డబ్బా పట్టుకుని దాపున ఉన్న మోటబావి వైపు ఉరికాడు.

అప్పుడు అవ్వ దిగింది. "పొద్దుగాల పెట్టింది ఆరిపోయినట్టున్నది బిడ్డా, గందుకే ఆగింది" అంది నాతో. ఏం పెట్టింది, ఏం ఆరిపోయింది, నాకు అర్థం కాలేదు. చెంబులో నీళ్లు పసుపు గిన్నెలో పోసి వేలితో కలిపి, తిరుగుతున్న ఇంజన్ పక్కన వంగి, ఎత్తిన మూత కింద ఆ కరెంటు డబ్బాకు నిండుగా, తడితడిగా పసుపు రాసింది.

"అమ్మో! గుంజిందిరో!" అని ఒక్క కేక. గిన్నె అంత దూరాన పడింది. కరెంటు కొట్టి అవ్వ చెయ్యి విదిలించుకుంటూ వెనక్కి తూలింది. అదే క్షణాన అప్పటిదాకా పాటలా తిరుగుతున్న ఇంజన్ కుంటడం మొదలుపెట్టింది. టక్ టక్, ఒకటి మింగి, టక్ టక్.

బాపు నీళ్ల డబ్బా అక్కడే పడేసి ఉరికొచ్చాడు. ముందు అవ్వను చూశాడు, ఆమె వేళ్లకున్న పసుపు చూశాడు, తర్వాత డబ్బాను చూశాడు. భుజం మీది తువ్వాల తీసి డబ్బాను, దాని వైర్లను మూలమూలా పొడిగా తుడిచాడు. ఇంజన్ సరిగ్గా తిరిగింది. ఆయన కింద పడ్డ గిన్నెలో మిగిలిన పసుపు ఒక పుల్లతో తీసి, మళ్లీ డబ్బా మీద వైర్ల మొదట్లో పూశాడు. ఇంజన్ కుంటింది. తుడిచాడు, కుదురుకుంది. నిప్పురవ్వకు తడి తగిలితే అది ప్లగ్గు దాకా పోకుండా ఆ తడి వెంబడే పక్కదారి పడుతుందట, ఇదంతా నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం బాపు ఏదో గారడీ చేస్తున్నాడనుకున్నాను.

"ఏం పని చేసినవే అమ్మా!" అని అరిచాడు బాపు. అంత గట్టిగా అవ్వ మీద అరవడం నేను అదివరకు వినలేదు. అవ్వ ఎర్రమట్టిలో చతికిలబడింది. చెప్పింది, ఏడుస్తూ. ప్రతి శుక్రవారం నా పాదానికి పసుపు రాసేది కదా, కట్టు వేశాక ఆ పాదం లోపల పడిపోయింది. రాయాల్సిన పసుపు రాయకుండా ఎట్లా ఉండడం? ఆ పాదాన్ని డాక్టరు దగ్గరికి మోసుకుపోయేది బండి, బండి ప్రాణం ఆ డబ్బాలో ఉందని కొడుకే చెప్పాడు. అందుకని బాపు పొద్దున రేడియేటర్లో నీళ్లు పోసి, మూత తెరిచే ఉంచి స్నానానికి పోయినప్పుడల్లా, నా పాదానికి రాసే పసుపు దానికి రాసి, నీళ్లు చిలకరించి మొక్కేదట. బండి కుంటుతోందని విన్నకొద్దీ ఇంకాస్త ఎక్కువగా రాసేదట. "నా చేతులతోని నేనే ఆపిన్నా కొడుకా? పిల్ల కాలు నేనే చెడగొట్టిన్నా?" అంది.

బాపు కోపం ఎటుపోయిందో పోయింది. ఆయన ఆమె ముందు గొంతుక్కూర్చుని, మసి చేతులతోనే ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "పాణం గిండ్లున్నదని చెప్పింది నేనే గదనే అమ్మా. డబ్బ మీద పసుపు నేను సుత చూసిన, దసరాది కావచ్చు, బొట్టు తుడుస్తరా ఎవలన్న అనుకున్న. నువ్వు గియ్యాల రాకుంటే గిది నా జన్మల తెలవకపోవు. లే, లే. డాక్టర్ పోతడు" అన్నాడు. ఆమెను లేపి నా పక్కన కూర్చోబెట్టి మూత వేశాడు. ఆ తర్వాత పాలమూరు దాకా ఆ బండి పోయిన పోకడ నేను మళ్లీ చూడలేదు. గాలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ మాత్రం పసుపు చేతిని కొంగులో దాచుకుని, తప్పు చేసిన చిన్నపిల్లలా ఒదిగి కూర్చుంది. బాపు వెనక్కి తిరగకుండానే అన్నాడు, "అమ్మా, మిగిలిన పసుపు పిల్ల కాలివేళ్లకు పెట్టు. ఆడ కరెంటు లేదు." కట్టు చివర నుంచి బయటికి కనపడుతున్న నా అయిదు వేళ్లకు అవ్వ పసుపు రాసింది. చక్కిలిగిలి పుట్టినా నేను కదలలేదు.

దవాఖాన దగ్గరికి వెళ్లేసరికి డాక్టరు సంచి పట్టుకుని జట్కా ఎక్కుతున్నాడు. బాపు నన్ను ఎత్తుకుని అడ్డంగా పోయి నిలబడ్డాడు. డాక్టరు గడియారం చూసుకున్నాడు, నన్ను చూశాడు, వెనకాల చేతులు జోడించి నిలబడ్డ మా అవ్వను చూశాడు. ఏమనుకున్నాడో, జట్కావాడిని పొమ్మని, సాయంత్రం రైలుకు పోతాను లెండి అంటూ లోపలికి నడిచాడు. ఆ మనిషికి ఇంట్లో ఎవరెదురుచూస్తున్నారో, ఏం పని ఆగిపోయిందో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. తలచుకున్నప్పుడల్లా మనసులోనే దండం పెట్టుకుంటాను.

వేళ్లు చూసి ఆయన కంగారుపడ్డాడు. "ఇదేమిటమ్మా ఈ రంగు?" అని, పసుపని తెలిశాక నవ్వి, "వేళ్ల రంగు చూసే నేను కట్టు బిగుతుగా ఉందో లేదో తెలుసుకునేది. దీన్ని తుడిచి, మీ పసుపేదో ఆ రెండో కాలికి పెట్టండి" అన్నాడు. అవ్వ గబగబా కొంగుతో నా వేళ్లు తుడిచింది. "గిది సుత తప్పేనా సారూ?" అని అడిగిన తీరుకు అక్కడున్న కాంపౌండరు కూడా పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. కట్టు విప్పి, పాదాన్ని చేతిలోకి తీసుకుని, చాలాసేపు మెల్లగా వంచి చూసి, "చెయ్యి దాటిపోలేదు" అన్నాడు డాక్టరు. బాపు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

తిరుగు దారిలో ఉస్తాద్ షెడ్డు ముందు బండి ఆపి బాపు జరిగిందంతా చెప్పాడు. ఉస్తాద్ నెత్తి కొట్టుకున్నాడు. "పసుపు నేను చూసిన భాయ్. పూజది కద, నా చేతితోని ఎట్ల తుడుస్త? దాన్ని తప్పిచ్చి తప్పిచ్చి పని చేసిన" అన్నాడు. అదీ సంగతి! ఉస్తాద్ మా పూజకు మర్యాద ఇచ్చి తుడవలేదు, బాపు బొట్టు కాబట్టి తుడవలేదు, అవ్వ నా కోసం రాయడం మానలేదు. పాలమూరు చేరేలోపు ఇంజన్ వేడికి తడి ఆరిపోయి బండి అమాయకంగా నిలబడేది. ఇంతమంది మంచితనం కలిసి నా కాలు మీదికి తెచ్చిందంటే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. ఉస్తాద్ అప్పటికప్పుడు పాత ట్యూబు రబ్బరు కత్తిరించి ఆ డబ్బాకు టోపీ లాంటిది కుట్టి తొడిగాడు. "అమ్మా, ఇగ దీని మీద ఎంత పెడ్తవో పెట్టు" అన్నాడు. అవ్వ పెడితేనా! ఆ తర్వాత శుక్రవారాలు వాకిట్లో దూరంగా నిలబడి, బండి మీదికి నాలుగు అక్షింతలు విసిరి, మళ్లీ గుంజుతుందేమోనని ఒకడుగు వెనక్కి వేసేది. పసుపు నా కుడి కాలికి రాసేది.

ఆ తర్వాత ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు. కంది కోతలైపోయాయి, మోదుగులు పూశాయి, మామిడి పిందెలు ఉప్పూకారంలో అద్దుకుని తినే రోజులు వచ్చాయి. వేసవి ముదిరాక ఒకనాడు డాక్టరు కట్టు విప్పి మళ్లీ వేయలేదు. పాదం తెల్లగా, సన్నగా, ఎవరిదో పాదంలా ఉంది. కింద పెట్టమన్నాడు. పెట్టాను. అరికాలు మొత్తం నేలకు ఆనింది. చల్లటి షాబాదు బండ. ఆ చల్లదనం నా ఎడమ అరికాలికి అదే మొదటిసారి తెలియడం. వంకర పూర్తిగా పోలేదు, కొంచెం మిగిలింది, ఇప్పటికీ ఉంది. అయినా నిలబడ్డాను. అవ్వ డాక్టరు కాళ్ల మీద పడబోతే ఆయన ఆపి, నడిపించండమ్మా, ఎంత నడిస్తే అంత మంచిది అన్నాడు.

బయటికి రాగానే బాపు కారు తలుపు తెరిచాడు. అవ్వ నన్ను ఎక్కనివ్వలేదు. "నడువు బిడ్డా" అంది. ఒక చెయ్యి తను పట్టుకుంది. దవాఖాన గేటు దగ్గర నుంచి బజారు మీదుగా నడిచాం. నాలుగడుగులు వేయడం, ఆగడం, మళ్లీ వేయడం. ఎండకు రోడ్డు కాలుతోందని అవ్వ నీడ పట్టు చూసి నడిపించింది. బాపు బండి తీసుకుని ముందుకు పోలేదు. మా వెనకాలే, మేం ఆగితే ఆగుతూ, మేం నడిస్తే కదులుతూ వచ్చాడు. వెనక జట్కాలు, సైకిళ్లు, ఎడ్లబండ్లు బారులు తీరి తిట్టుకుంటుంటే, కిటికీలోంచి తల బయటపెట్టి "నా బిడ్డ నడుస్తాంది, జర ఆగుండ్రి" అని అందరికీ చెబుతూ వచ్చాడు. ఇంజన్ ఒక్కటి కూడా మింగలేదు.

ఆ నడకతోనే నేను బడికి పోయాను, టీచరునయ్యాను, ఒక జీవితకాలం నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెప్పాను. ఇప్పుడు ఆ కారు లేదు, ఎప్పుడో తుక్కు కింద పోయింది. ఉస్తాద్ షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మోటబావి పూడ్చేశారు, ఎత్తు చదును చేసి రోడ్డు వెడల్పు చేశారు. శుక్రవారం కాళ్లకు పసుపు రాసుకునేవాళ్లను వెతుక్కోవాలి. అవ్వ, బాపు పోయి చాలా కాలమైంది. పొద్దున్నే నేను రోడ్డు మీద నడకకు పోతాను. వయసు మీదపడింది, ఆ ఎడమ కాలు మళ్లీ మొరాయిస్తోంది, నాలుగడుగులకు ఒకసారి ఆగుతాను. వెనక నుంచి బండ్లు హారన్ కొడతాయి, నేను పక్కకు జరిగి దారి ఇస్తాను. ఎవరి తొందర వాళ్లది, వాళ్లను ఏమీ అనను. నేను ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా నా వెనక వచ్చినవాళ్లు నాకు ఒకప్పుడు ఉన్నారు.